నాలుగో తూటా

దీపాలు ఆర్పేశారు గాని చీకటి మాత్రం పడలేదు. ఇదేం చీకటి, మెట్ల అంచుల్లో ఎర్రచుక్కలు, ముందు వరసల్లో పిల్లల చేతుల్లో వెలిగే ఫోన్లు, ఎవరి వైపు చూసినా కిందినుంచి వెలుతురు పడి దయ్యంలా కనిపించే మొహాలు, అనుకుంటూ ఈరమ్మ కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది. చలి. బయట షాపింగ్ మాలు ముందు ఎండ చిటపటలాడుతుంటే లోపల ఇంత చలి ఎందుకు పెడతారో, వచ్చింది సినిమా చూసే మనుషులా, ఐసుపెట్టెలో దాచే చేపలా. కుర్చీ సంగతి సరేసరి. మీట నొక్కితే వెనక్కి పరుచుకుని కాళ్లను పైకెత్తి పట్టుకునే కుర్చీ. పక్కన కూర్చున్న జశ్వంత్ బాబు నొక్కి చూపించబోతే వద్దంది. ఆమెకు కాళ్లు నేలకు ఆనాలి. ఈరోజు మరీ ఆనాలి. అందుకే కుర్చీ అంచుకు జరిగి, చెప్పులు విప్పేసి, మునివేళ్లతో కింది తివాచీని తడుముతూ కూర్చుంది. ఇంటర్వెల్‌కు ముందు వస్తుందట ఆ సీను. అంతదాకా ఏం వస్తుందో ఏం పోతుందో ఆమెకు అక్కర్లేదు. ఆ సీనులో ఒక మనిషి పొగలోకి నడిచి వెళ్తాడు, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరుగుతాడు. పాత సినిమాలో అయితే తిరగబోతుండగానే తెరంతా తెల్లబడిపోయింది. కొత్త సినిమాలో పూర్తిగా తిరుగుతాడని, మొహం కనిపిస్తుందని అన్నారు. ఆ మనిషి ఆమె పెనిమిటి.

హాలు నిండా ఆయన వీపులే. ముందు వరసలో లేచి చేతులూపుతున్న ప్రతి కుర్రవాడి చొక్కా వెనకా, ఆడపిల్లల చొక్కాల వెనకా, నల్లగుడ్డ మీద తెల్లటి బొమ్మ ఒకటే: తలకు రుమాలు చుట్టి, ఎడమ భుజం కాస్త కిందికి జారి, పొగలోకి నడిచిపోయే మనిషి వీపు. కింద ఏవో అక్షరాలు. నడిచే మనిషి అని రాశారని జశ్వంత్ బాబే చదివి చెప్పాడు. ఆయనకు వీళ్లు పెట్టుకున్న పేరు అది. పెద్దలు పెట్టిన పేరు ఒకటుంది, దాన్ని ఈరమ్మ పెళ్లినాటినుంచి ఈనాటివరకు నోటితో అని ఎరగదు, రేషను షాపులో అడిగితే బిడ్డతో చెప్పించేది, బిడ్డ లేకపోతే పక్కనున్న ఎవర్నో బతిమిలాడేది. తెర మీద సినిమా పేరు పడింది, చుక్కలూరు అని, పాత పేరే, అక్షరాలకు మాత్రం మంటలు పెట్టారు. పడగానే హాలంతా ఊళలు. వెనకనుంచి ఎవడో డైరెక్టరును ఇంటిపేరుతో సహా తిట్టాడు. ఆగరా, ముందు చూసి ఆ తర్వాత తిడదాం అన్నాడు ఇంకొకడు. పెళ్లికొచ్చి వంటలకు వంకలు పెట్టే చుట్టాల్లా ఉన్నారు వీళ్లు, తినకుండా లేవరు, తిన్నాక మెచ్చరు, అనుకుంటే ఈరమ్మకు నవ్వొచ్చింది. నవ్వు గొంతుదాకా వచ్చి అక్కడే చల్లబడింది. తెర మీద ఆకాశంలోంచి ఏదో మండుతూ పడింది, పడగానే కాళ్ల కింద నేల జివ్వుమంది. ఉలిక్కిపడి జశ్వంత్ మోచెయ్యి పట్టుకుంది. ఆయన వంగి, భయపడకండి మామ్మగారూ, ఇక్కడ సౌండుకి నేల కూడా ఊగుతుంది, అదో ఏర్పాటు, టికెట్టు అందుకే అంత ప్రియం అని చెప్పాడు. నేలను ఊగించడానికి కూడా మనుషుల్ని పెట్టారన్నమాట, అనుకుంది.

ఈ జశ్వంత్ బాబు చొక్కాతోనే మొదలైంది అంతా. కొండాపూర్‌లో ఈయనా, ఈయన భార్య నీహారికమ్మా ఆఫీసులకు పోతే వాళ్ల పాపను చూసుకోవడం ఈరమ్మ పని. నిరుడు వానలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దు ఎండ కాస్తే బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది, తడిచొక్కా దులిపి తీగ మీద వేసింది, గాలికి అది ఇటు తిరిగింది, తిరిగేసరికి ఎదురుగా ఆయన. ముందు గుర్తుపట్టింది కళ్లు కాదు, చెయ్యి. సమ్మెట ఎత్తీ ఎత్తీ కుడిభుజం బండలా పైకి లేచి, ఎడమభుజం జారిపోయి, పడుకునేటప్పుడు ఆ జారిన చోట నొప్పి అంటే ఎన్ని రాత్రులు ఆముదం పెట్టి తోమిందో ఆ చేతికి తెలుసు. రుమాలు కొస ఎడమ చెవి వెనక దోపుకోవడం ఆయనొక్కడి అలవాటు, తతిమ్మావాళ్లంతా ముందు ముడేసేవాళ్లు. లోపల పాప లేచి ఏడుస్తున్నా వినిపించలేదు. సాయంత్రం జశ్వంత్ బాబు రాగానే, ఈ బొమ్మ ఎక్కడిదని అడిగింది. ఆ సినిమా మాట ఎత్తితే చాలు ఆయనకు ఆకలి కూడా గుర్తుండదు. ఎప్పుడో వచ్చి వారమైనా ఆడక పోయిన సినిమా అట, చుక్కల్లోని మనుషులు భూమ్మీద ఒక ఊరి బయట రాయి కింద చిక్కుకుంటారట, తర్వాత టీవీల్లో వచ్చి, ఫోన్లలో వచ్చి, ఇప్పుడు లక్షలమందికి దేవుడి పటంతో సమానమైందట. అందులో ఎవ్వరికీ అంతుపట్టని సీను ఇది, చూడండి అని ఫోను చేతికిచ్చాడు. చూసింది. ఖాజాగూడ గుట్ట. దుమ్ము. పేలుళ్లు. దుమ్ములోకి తాపీగా నడిచివెళ్తున్న ఆయన, తలరుమాలు తీసి దులపడం, మెడ ఇటు తిరగడం, చెవి అంచు, మీసం కొస, అంతే, తెలుపు. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాడు. ఆ తెలుపు దగ్గర ప్రతిసారీ ఆమె తల పక్కకు వంచింది, అలా వంచితే ఆ మూలనుంచి మొహం కనబడుతుందేమో అని.

మొహం ఎట్లా ఉండేది. ఇదీ ఆ రోజునుంచి పట్టుకున్న తెగులు. అంతకుముందు గుర్తున్నట్టే ఉండేది, గుర్తుందనే ధీమాతో ఎప్పుడూ వెతుక్కోలేదు, గూట్లో పెట్టిన నగ ఉందిలే అనుకున్నట్టు. తీరా వెతికితే చేతులు వచ్చాయి, గోళ్లలో రాతిపొడి వచ్చింది, బీడీ వాసన వచ్చింది, ఇద్దరూ గొడవపడితే అన్నం ముందు కూర్చుని తినకుండా కంచం చుట్టూ వేలితో గీసే గీత వచ్చింది. మొహం రాలేదు. ఫోటో దిగిన పాపాన పోలేదు ఆయన, ఆ కాలంలో రాళ్లు కొట్టుకునేవాళ్లకు ఫోటో ఎవరు తీస్తారు. తీసినవాళ్లు ఒకే ఒకసారి తీశారు, వాళ్లూ వెనకనుంచి తీశారు.

తెర మీద ఊరి జనం పరుగెత్తుతున్నారు. ఎవరి ఒంటి మీదా మట్టి లేదు. హాల్లో ఎవడో ఫోను తెర వైపు ఎత్తిపట్టి ఏదో రాసుకుంటున్నాడు, ఇంకా పేర్లయినా పూర్తిగా పడ్డాయో లేదో, పోయింది సినిమా పోయింది అంటున్నాడు. ఈ సినిమాను మళ్లీ తీస్తున్నామని ఆ డైరెక్టరు ప్రకటించిన రోజు కూడా ఇట్లాగే. పాపకు పెరుగన్నం పెడుతుంటే జశ్వంత్ బాబు వంటింటి గడప మీద నిలబడి కామెంట్లు చదివి వినిపించాడు. మా చిన్నతనాన్ని అంగట్లో పెడుతున్నారని ఒకడు. ఆ రాయిని ముట్టుకుంటే చేతులు పడిపోతాయని ఒకడు. నడిచే మనిషి ఎందుకు భయపడలేదో, ఎందుకు రుమాలు తీసి చుక్కల మనుషులకు సలాము చేశాడో ఈ డైరెక్టరుకి ఏడు జన్మలెత్తినా అర్థం కాదని ఒక ఆడపిల్ల. ఇన్ని లక్షలమంది ఆయన గురించి కొట్టుకుంటున్నారా అని ఈరమ్మకు ముందు వింతగా, తర్వాత గుబులుగా అనిపించింది. అంత కోపం ఉంటే చూడడం మానెయ్యండి బాబూ అంది. మానేస్తే తిట్టడానికి హక్కుండదు కదండీ మామ్మగారూ అన్నాడాయన, అదేదో పెద్ద ధర్మసూక్ష్మంలాగా. ఆ ఆడపిల్ల మాట మీదే మనసు చిక్కుకుంది. సలాము కాదది, దుమ్ము దులుపుకున్నాడు. దుమ్ము దులుపుకుని, ఇక మీరు రావచ్చు అని చూపించాడు. ఉండబట్టలేక అప్పుడు అనేసింది.

"గాయిన మా ఇంటాయన బాబూ. సలామెవనికి జెయ్యలే. ఇగ రాండ్రని పిలిచిండు."

అనకుండా ఉంటే పోయేది. ఆయన నమ్మాడు, నమ్మి ఏడ్చాడు కూడా, ఆ రాత్రే ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి ఫోనులో మాట్లాడించి లోకానికి వదిలాడు. మీ ఆయన పేరేమిటండీ అని అడిగితే ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా సంధ్యనడుగుండ్రి అంది. సంధ్య ఆమె బిడ్డ కూతురు. అంతే, ఆ ముక్క పట్టుకున్నారు. మొగుడి పేరే తెలియని ముసలిది, దొంగముసలిది, డైరెక్టరు కిరాయికి తెచ్చిన ముసలిది, ఎంత ముట్టిందో అడగండి. ఒకడు ఆమె మొహానికి గడ్డం అతికించి బొమ్మ చేశాడు. ఇంకొకడు, అసలు ఆ మనిషి చచ్చిపోలేదు, అది సినిమా, ఈమెకు సినిమాకూ బతుక్కూ తేడా తెలియదు అని రాశాడు. సంధ్య ఆఫీసులో పక్క కుర్చీ పిల్లలు ఆ బొమ్మ చూసి నవ్వుతుంటే, అది మా అమ్మమ్మే అని చెప్పలేక సంధ్య కూడా నవ్వి, ఇంటికొచ్చి తలుపేసుకుంది. జశ్వంత్ బాబు ఆ వీడియో తీసేశాడు. తీసేసి నాలుగురోజులు ఆమె కళ్లలోకి చూడలేదు. పాప మాత్రం ఎప్పటిలా ఆమె చెవికమ్మ పట్టుకుని నిద్రపోయేది.

మళ్లీ నేల ఊగింది. తెర మీద హీరో ఎవర్నో తన్నాడు, అంతమాత్రానికే. ఈరమ్మ వేళ్లు ముడుచుకున్నాయి. ఈ నేల మాట నమ్మేందుకు లేదు, ప్రతిదానికీ అదురుతుంది. ఖాజాగూడ గుట్ట మీద నేల అట్లా కాదు. అక్కడ రాతికి బెజ్జాలు తొలిచి మందు దట్టించి వత్తులు పెట్టేవాళ్లు, ఆ పెట్టినవాటినే తూటాలనేవాళ్లు. మగవాళ్లు వత్తి ముట్టించి పరుగెత్తుకొచ్చి బండల చాటున పడుకునేవాళ్లు, ఆడవాళ్లు పిల్లల్ని పొట్టకు అదుముకుని ఇంకా వెనక కూర్చునేవాళ్లు. ఒక్కో పేలుడుకూ ఒక్కో వేలు ముడవాలి, చిటికెనవేలితో మొదలుపెట్టి. ఎన్ని తూటాలు పెట్టారో అన్ని వేళ్లు ముడుచుకునేదాకా ఎవ్వరూ తల ఎత్తరాదు. అన్నీ పేలాక మొదట పోయి చూడాల్సింది వత్తి ముట్టించినవాడే. వాడు చూసి, రుమాలు విప్పి ఊపితే మిగతావాళ్లు లేస్తారు. చెవిని నమ్మొద్దనేది ఈరమ్మ అత్త, గుట్టకు గుట్ట ఎదురుచెప్పి ఒకటిని రెండు చేస్తుందనేది, అరికాలును నమ్మమనేది. రాతి లోపల పేలింది అరికాలికి వస్తుంది, గాలిలో పేలింది రాదు. కూర్చున్న ఆడవాళ్లకు అది తెలిసేది. పరుగెత్తి రొప్పుతూ బోర్లా పడుకున్న మగవాళ్లకు చెవే దిక్కు.

సినిమావాళ్లు వచ్చిన రోజు గుట్ట తిరునాళ్లలా ఉంది. గొడుగులు, కుర్చీలు, ఎండలో మొహాలకు రంగులు పూసుకున్న మనుషులు. చుక్కల మనుషుల ఓడ రాయి పగలగొట్టుకుని బయటికొస్తుందట, అందుకని నిజంగా రాయి పగలాలట. మేస్త్రీ ఒప్పుకున్నాడు. నాలుగు తూటాలు. ముట్టించేది ఆయన. పొద్దున అన్నం మూట ఇస్తుంటే, నన్ను సినిమాల చూసి మా బిడ్డ గుర్తువడతదా అని నవ్వాడు, బిడ్డకు ఇంకా పళ్లయినా రాలేదు. ఆ నవ్వు ఉంది, నవ్విన మొహం లేదు, చిత్రం కాదూ. పొగ ఇంకా నిండుగా రావాలని సినిమావాళ్లు తమవంతుగా ఒక కుండలో మందు పోసి కెమెరా పక్కన పెట్టుకున్నారు. ఆ సంగతి మేస్త్రీకి చెప్పలేదు. చెప్పాలని వాళ్లకు తోచలేదు, వాళ్లకది పొగ, అంతే.

జశ్వంత్ బాబు పాప్‌కార్న్ డబ్బా ఇటు పట్టాడు. వద్దంది. ఈయన ఏదో దాస్తున్నాడు. పొద్దున కారెక్కినప్పటినుంచి ఎండ గురించి, ట్రాఫిక్ గురించే మాట్లాడుతున్నాడు. సంధ్య మాత్రం దాచలేదు. నిన్న డ్యూటీకి పోబోతూ బూట్లు వేసుకుంటూ అంది:

"అమ్మమ్మా, నువ్వు పోకు. గా మొకం మార్చిన్రంటున్నరు. గిప్పుడు పోయి చూస్తే నీ కండ్లల్ల జర మిగిలింది గూడ పోతది."

"అంటున్నరంటవు, నువ్వు చూసినవా?"

"చూడలే."

"మరింకేంది. నా ముందట్నే గీసింది గా పిల్ల. నువ్వు ఫికర్ జెయ్యకు."

గీసింది మరి. అద్దాల మేడలో, ఎన్నో అంతస్తో, కింద చూస్తే ఖాజాగూడ చెరువు కంచంలో నీళ్లలా కనబడింది. వీడియో గొడవ విని డైరెక్టరు తరఫువాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లు నమ్మారో, నమ్మినట్టు ఉంటే సినిమాకు మంచిదనుకున్నారో ఈరమ్మకు తెలియదు, అడగనూ లేదు. మొహం మీరు చెప్పండి, మేం చేసి చూపిస్తాం అన్నారు. ఆ మాట చాలు ఆమెకు. కంప్యూటరు ముందు స్వప్న అనే పిల్ల కూర్చుంది, సంధ్య వయసుదే, కరీంనగర్ వైపు పిల్ల. ముక్కెట్ల ఉంటుండె అవ్వా అని అడిగితే, ముక్కు లెక్కనే ఉంటుండె బిడ్డా అంది ఈరమ్మ. ఇద్దరూ నవ్వారు. పొద్దంతా గడిచినా ఏమీ రాలేదు. వచ్చినవాళ్లంతా ఎవరో, బస్సులో కనబడి దిగిపోయే మనుషులు. ఆఖరుకు స్వప్నే ఆమె చెయ్యి పట్టుకుని తన బుగ్గ మీద పెట్టుకుంది. కండ్లు మూసుకో అవ్వా, తాత మొకమనుకో అంది. వేళ్లకు గుర్తుంది. ఇక్కడ గుంట, ఇక్కడ ఇంకోటి, చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు, ఇక్కడ ఎముక పైకి, కనుబొమ్మ దగ్గర రాతిముక్క తగిలి చీలిన గీత, ఇక్కడ దవడ లోపలికి, పైపన్ను ఒకటి మీద ఒకటి ఎక్కి పెదవిని కొంచెం లేపేది. ఆమె చెబుతూంటే ఆ పిల్ల ఒక చేత్తో గీస్తూ పోయింది. కండ్లు తెరువు అవ్వా అంది. తెరిచింది. ఆయన. నల్లటి, మచ్చల మొహం, నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తున్న ఆయన. అప్పటి వయసే, మనవడంత వయసు. ఈరమ్మ తలమీద కొంగు సర్దుకుంది, ఎందుకో సిగ్గేసింది, ఈ ముడతలు చూస్తున్నాడే అని. కాసేపటికి కంప్యూటరు నల్లబడింది. ఆ కాసేపే.

ఆ మొహంతో ఒక చిన్న ముక్క చేసి జనానికి చూపించారు, సినిమా వస్తోందని చెప్పడానికి. ఆ రోజు కామెంట్లు జశ్వంత్ బాబు చదివి వినిపించలేదు. సంధ్య ఫోనులో చూసి చెప్పింది, చెప్పనంటే బలవంతపెడితే చెప్పింది. ఇదా మా నడిచే మనిషి. చుక్కల మనుషులకు ఎదురెళ్లినవాడి మొహమా ఇది, మార్కెట్లో బస్తాలు మోసేవాడి మొహం. ఆ వీపు చూసి మేం ఏమేమో ఊహించుకుంటే ఈ మచ్చలేమిటి, ఈ పన్నేమిటి. మా మనిషిని పాడుచేశారు. ఇన్నేళ్ల మా నమ్మకం మీద కొట్టారు. వేలకు వేలు. సినిమానే ఆపేస్తామని కొందరు. సినిమావాళ్లు అభిమానుల మనసు నొప్పించబోమని ఒక మాట అన్నారట, ఆ మాటకు అర్థం ఏమిటో సంధ్యకు ఒక రకంగా తోచింది, ఈరమ్మ మాత్రం ఆ మాటను పక్కకు నెట్టి పెట్టుకుంది. చేసిన మొహాన్ని ఎందుకు పారేస్తారు, అంత కష్టపడి చేశాక. పక్కకు నెట్టింది ఇప్పుడు ఈ చలిలో మెల్లగా దగ్గరికి జరుగుతోంది.

గుట్ట మీద ఆ రోజు ఆయన మొహం చూపించలేదు ఆమెకు. అదే లోపల ఇన్నేళ్లూ మేకులా ఉండిపోయింది. దుప్పటి కప్పేసి, చూడొద్దమ్మా, చూసేటట్టు లేదు అన్నారు మగవాళ్లు. దుప్పటి అంచు పట్టుకుంటే మేస్త్రీ వేళ్లు ఊడదీశాడు. కడసారి చూపు లేకుండానే మట్టిలో పెట్టారు. సినిమావాళ్లు గొడుగులు మడుచుకుని వెళ్లిపోయారు, కెమెరాలో ఉన్నది పట్టుకుని. ఆ రోజు గుట్ట మీద మొదటిది పేలింది, అరికాలికి వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. నాలుగోది చెవికి వచ్చింది గాని కాలికి రాలేదు, పేలింది సినిమావాళ్ల కుండ. మగవాళ్లందరికీ నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి. ఆయన లేచి నడిచాడు, అంతా అయిపోయిన మనిషి నడిచినట్టు తాపీగా. ఈరమ్మకు మూడే ముడుచుకున్నాయి. లేచి, ఓ అయ్యా, ఓ అయ్యా అని అరిచింది. గుట్ట మీద ఏ ఆడదైనా తన మగణ్ని అట్లాగే పిలుస్తుంది, ఎవరి పిలుపు ఎవరికో. ఆయన రుమాలు దులుపుతూ మెడ తిప్పాడు, ఇక రాండి అన్నట్టు. అప్పుడు రాయి పేలింది. దాన్నే వీళ్లు చొక్కాల మీద వేసుకున్నారు.

"మామ్మగారూ," అన్నాడు జశ్వంత్ బాబు, "ఇదేనండి. వస్తోంది."

ఊళలు పెట్టినవాళ్లు, తిట్టినవాళ్లు అంతా ముందుకు వంగారు. తెర మీద గుట్ట, అది ఖాజాగూడ గుట్ట కాదు, ఎక్కడిదో, కాని దాని ముందు దుమ్ములో వీపు మాత్రం ఆయనదే. పాత సినిమాలోంచి తీసి పెట్టారు. అదే జారిన భుజం, అదే చెవి వెనక దోపిన కొస. ఈరమ్మ రెండు పాదాలూ నేలకు నొక్కింది. చెయ్యి ఒళ్లో తెరిచి పెట్టుకుంది. మొదటిది పేలింది, నేల అదిరింది, చిటికెనవేలు ముడుచుకుంది. రెండోది. మూడోది. నాలుగోది పేలింది, పేలగానే అరికాలి కింద నేల నిండుగా అదిరింది, మోకాళ్ల దాకా వచ్చింది, నాలుగో వేలు దానంతటదే ముడుచుకుపోయింది. లెక్క కుదిరింది. ఇన్నేళ్లకు కుదిరింది, ఇక భయం లేదు, నడవనీ, అనుకుని ఒళ్లంతా వదులైంది. ఆ వదులులోనే గుర్తొచ్చింది, ఈ నేల దేనికైనా అదురుతుంది, హీరో తన్నినా అదిరింది. ఈ నేలకేం తెలుసు. ఆయన నడుస్తున్నాడు. అదే తాపీ. రుమాలు మీదికి చెయ్యి పోతోంది. ఈరమ్మ లేచి నిలబడింది, ఓ అయ్యా అనే పిలుపు గొంతుదాకా వచ్చింది, ఆ పిలుపుతో పని జరగదని ఆమెకు తెలిసినంతగా ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. పెళ్లినాటినుంచి నాలుక కింద దాచుకున్న పేరు బయటికి తీసింది.

"ఓదెలూ, ఆగు. ఇంకోటున్నది."

ఆ అరుపుకే తిరిగినట్టు తెర మీద మనిషి తిరిగాడు. పూర్తిగా తిరిగాడు. నున్నటి చెంపలు. తెల్లటి, కడిగిన మొహం. కత్తిరించిన మీసం, వరసగా పేర్చిన పళ్లు, చీలిక లేని కనుబొమ్మ. ఎండలో ఒక్కరోజు కూడా నిలబడని కళ్లు ఆమె వైపు చూసి కరుణగా నవ్వాయి. హాలంతా లేచింది. ఈలలు, చించి ఎగరేసిన కాగితాలు, ఒకరినొకరు కౌగిలించుకుంటున్న పిల్లలు, ఇదిరా మన మనిషి అంటూ ఏడుపు గొంతులు. జశ్వంత్ బాబు కూడా లేచాడు. తిట్టడానికి వచ్చినవాడు కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతున్నాడు, కొడుతూ కొడుతూ ఆమెను చూసి, చేతులు దించడం మరిచిపోయి అట్లాగే నిలబడిపోయాడు. వెనకనుంచి ఎవరో, కూర్చో అవ్వా, కనబడటం లేదు అన్నారు.

కూర్చుంది. కళ్లు మూసుకుంది. స్వప్న గీసిన మొహం ఉంది కదా, లోపల ఉంటుంది, ఇక్కడ గుంట, ఇక్కడ ఇంకోటి, అనుకుంటూ వేళ్లతో తన బుగ్గ మీదే వెతుక్కుంది. ముడతలు తగిలాయి. గుట్ట కనబడింది, దుమ్ము కనబడింది, అన్నం మూట పట్టుకుని పోతున్న ఆ వీపు కనబడింది. ఎవరికీ వినబడకుండా, లోపల్లోపలే, మళ్లీ పేరు పెట్టి పిలిచింది. మళ్లీ ఆ తెల్లమొహంవాడే తిరిగాడు.